చదువుకు ప్రేరణ

పాఠ్యభాగ పరిచయం

చెరువులో నీరుంటే చాలదు, ఆ నీరు పొలానికి పారాలి. అలాగే తెలివి ఉంటే చాలదు, చదవాలనే కోరిక కూడా ఉండాలి. ఈ కోరికనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రేరణ అంటారు. కళాశాలలోను, విశ్వవిద్యాలయంలోను చదివే స్త్రీపురుషుల ప్రేరణలో తేడా ఉన్నదా? ఉంటే అది పుట్టుకతో వచ్చినదా, పరిస్థితుల వల్ల కలిగినదా? ఎంచుకున్న విషయాన్ని బట్టి ప్రేరణ మారుతుందా? ధర్మపురి జిల్లా నేపథ్యంగా ఈ ప్రశ్నలను ఈ పాఠం చర్చిస్తుంది.

పాఠం

ధర్మపురికి పూర్వం తగడూరు అని పేరు. సంగకాలంలో ఈ ప్రాంతాన్ని అదియమాన్ నెడుమాన్ అంజి అనే రాజు పాలించాడు. అతనికి ఒకసారి అరుదైన ఉసిరికాయ లభించింది. దానిని తిన్నవారికి దీర్ఘాయువు కలుగుతుందని ప్రతీతి. రాజు దానిని తాను తినలేదు, తన ఆస్థానానికి వచ్చిన అవ్వైయార్ అనే కవయిత్రికి ఇచ్చాడు. తనకంటె ఆమె ఎక్కువకాలం జీవించడమే లోకానికి మేలని అతడు భావించాడు. తమిళనాట చదువుకున్న ప్రతి బిడ్డకూ ఈ కథ తెలుసు. ఒక స్త్రీ విద్వత్తును రాజు తన ప్రాణంకంటె మిన్నగా ఎంచిన నేల ఇది.

అదే నేలమీద 2011 జనాభా లెక్కలు మరొక సంగతి చెప్పాయి. ఆ సంవత్సరం తమిళనాడులో అక్షరాస్యత నూటికి 80 ఉండగా ధర్మపురి జిల్లాలో 68.5 మాత్రమే ఉన్నది. రాష్ట్రంలోని జిల్లాలన్నింటిలోనూ ఇదే తక్కువ. జిల్లాలో మగవారిలో నూటికి సుమారు 77 మంది చదవను రాయను నేర్చినవారు కాగా, ఆడవారిలో సుమారు 60 మందే ఉన్నారు. అంటే ప్రతి నూరుమంది స్త్రీలలో నలభైమందికి అక్షరం అందలేదన్నమాట.

అయితే పరిస్థితి అక్కడే ఆగిపోలేదు. 1965లో ధర్మపురి సేలం నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. ఆ సంవత్సరమే ఇక్కడ ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల వెలిసింది. 1997లో సేలంలో పెరియార్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ తరువాత ధర్మపురి సమీపంలోని పైసుహళ్లిలో దాని స్నాతకోత్తర కేంద్రం వచ్చింది. 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల, 2013లో చెట్టికరైలో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు పై చదువుకోసం సేలానికో, చెన్నైకో పోవలసివచ్చిన పిల్లలకు కళాశాల ఇంటికి దగ్గరయింది.

ఒకే ప్రశ్న, పలు జవాబులు

ధర్మపురి బస్ స్టాండులో ఉదయంపూట నిలబడితే పాలక్కోడు, పెన్నాగరం, హరూరు వైపు నుండి వచ్చే బస్సులు కనిపిస్తాయి. వాటిలో టమాటా బుట్టలతో సంతకు వచ్చే రైతులుంటారు, పుస్తకాల సంచులతో కళాశాలకు వచ్చే విద్యార్థులూ ఉంటారు. ఆ బస్సులో పక్కన కూర్చున్న ఒక అవ్వ నలుగురు విద్యార్థులను "ఎందుకు చదువుతున్నారు నాయనా?" అని అడిగిందనుకుందాం.

మొదటివాడు, "డిగ్రీ ఉంటే హోసూరులో మంచి జీతం వస్తుందవ్వా" అంటాడు. రెండవ అమ్మాయి, "నేను చదువు మానేస్తే మా నాయన తలెత్తుకోలేడు, అందుకని" అంటుంది. మూడవ అమ్మాయి, "మొక్కలు ఎట్లా పెరుగుతాయో తెలుసుకోవడం నాకు ఇష్టం. వృక్షశాస్త్రం చదువుతుంటే పొద్దు తెలియదు" అంటుంది. నాలుగవవాడు కొంచెంసేపు ఆలోచించి, "ఏమో, అందరూ చేరారు, నేనూ చేరాను" అంటాడు.

నలుగురూ ఒకే బస్సులో ఒకే కళాశాలకు వెళ్తున్నారు. కాని వారిని నడిపించే శక్తి ఒకటి కాదు. మూడవ అమ్మాయిది అంతర్గత ప్రేరణ. చదువులోనే ఆమెకు ఆనందం దొరుకుతున్నది. మొదటి ఇద్దరిది బాహ్య ప్రేరణ. ఒకరిని జీతం, మరొకరిని కుటుంబగౌరవం ముందుకు నెడుతున్నాయి. నాలుగవవానికి ఏ ప్రేరణా లేదు. అటువంటివాడు పరీక్షలు గట్టిగా వచ్చినప్పుడు అందరికంటె ముందు చదువు విడిచే ప్రమాదం ఉన్నది.

ఆశకు చదువు, ఇష్టానికి చదువు

బాహ్య ప్రేరణ, అంతర్గత ప్రేరణ ఒకదానిపై ఒకటి ఎలా పనిచేస్తాయి? 1971లో ఎడ్వర్డ్ డెసి అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. ముక్కలను రకరకాల ఆకారాలుగా పేర్చే ఒక పజిల్‌ను వారికిచ్చాడు. అది ఆసక్తి కలిగించే ఆట. మూడు విడతలుగా ప్రయోగం సాగింది. రెండవ విడతలో ఒక జట్టుకు మాత్రం, పూర్తిచేసిన ప్రతి ఆకారానికి ఒక డాలరు చొప్పున ఇచ్చాడు. మూడవ విడతలో ఎవరికీ డబ్బు లేదు. ప్రతి విడతలోను కొన్ని నిమిషాలు విరామం ఇచ్చి, ఆ సమయంలో విద్యార్థులు ఏమి చేస్తారో చాటుగా గమనించాడు. మునుపు డబ్బు తీసుకున్నవారు మూడవ విడత విరామంలో ఆటమీద తక్కువ ఆసక్తి చూపారు. డబ్బే ఎరుగనివారిలో ఆసక్తి అలా తగ్గలేదు.

ఇష్టంగా చేసే పనికి కూలి కట్టినట్లయితే, కూలి ఆగిననాడు ఇష్టమూ సన్నగిల్లవచ్చునని దీనివలన తేలింది. అయితే డెసి మరొకటి కూడా గమనించాడు. డబ్బుకు బదులు "బాగా చేశావు" అని మెచ్చుకున్నప్పుడు ఆసక్తి తగ్గలేదు, పైగా పెరిగింది. తరువాత డెసి, రిచర్డ్ రయన్ అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిసి ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. మనిషిలో ప్రేరణ నిలవాలంటే మూడు అవసరాలు తీరాలని వారు చెప్పారు. మొదటిది స్వేచ్ఛ, అనగా ఈ పని నేను ఎంచుకున్నది అనే భావం. రెండవది సామర్థ్యం, అనగా ఇది నావల్ల అవుతుంది అనే నమ్మకం. మూడవది అనుబంధం, అనగా నన్ను పట్టించుకునేవారు ఉన్నారనే ధైర్యం.

ప్రేరణను కొలవడానికి కూడా సాధనాలున్నాయి. కెనడా దేశానికి చెందిన రాబర్ట్ వాలెరాండ్, ఆయన సహచరులు తయారుచేసిన ప్రశ్నావళి వాటిలో ప్రసిద్ధమైనది. దాని ఆంగ్లరూపం 1992లో వెలువడింది. "కళాశాలకు ఎందుకు వెళ్తున్నావు?" అన్నదే అందులోని మూలప్రశ్న. జవాబుగా 28 వాక్యాలుంటాయి. ప్రతి వాక్యం తన విషయంలో ఎంతవరకు నిజమో విద్యార్థి 1 నుండి 7 వరకు అంకె వేసి తెలపాలి. బస్సులో అవ్వ అడిగిన ప్రశ్నకు ఇది శాస్త్రీయ రూపమని చెప్పవచ్చు.

ఆడ మగ తేడా

ఇటువంటి ప్రశ్నావళులతో పలు దేశాలలో పరిశోధనలు జరిగాయి. కెనడాలోని అధ్యయనాలలో అంతర్గత ప్రేరణ విద్యార్థులకంటె విద్యార్థినులలో కొంత ఎక్కువగా కనబడింది. మరికొన్ని చోట్ల ఇద్దరికీ తేడాయే కనబడలేదు. తేడా పుట్టుకలోనే ఉంటే అది అన్నిచోట్లా ఒకేవిధంగా ఉండాలి కదా! చోటునుబట్టి మారుతున్నదంటే దానికి కారణం చోటులోనే వెదకాలి.

జానెట్ హైడ్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 2005లో, స్త్రీపురుషుల మధ్య తేడాలను గూర్చి అంతవరకు వెలువడిన పరిశోధనల సారాన్ని ఒకచోట చేర్చి పరిశీలించింది. నూటికి 78 వంతుల తేడాలు చాల చిన్నవి, లేదా లేనట్లే ఉన్నవని ఆమె తేల్చింది. ఇద్దరబ్బాయిల మధ్య ఉండే తేడా, ఒక అబ్బాయికీ ఒక అమ్మాయికీ మధ్య ఉండే తేడాకంటె ఎంతో ఎక్కువ కావచ్చు. కాబట్టి "ఆడపిల్లలకు చదువుమీద శ్రద్ధ ఎక్కువ", "మగపిల్లలకు లెక్కలు బాగా వస్తాయి" వంటి మాటలను ఒక్కొక్క బిడ్డకు అంటగట్టడం సరికాదు.

విషయాన్ని బట్టి తేడా

ప్రేరణలో రెండవ తేడా చదివే విషయాన్ని బట్టి వస్తుంది. సాహిత్యం, చరిత్ర వంటి వాటికి ఉద్యోగపు హామీ తక్కువని లోకం తలుస్తుంది. అయినా వాటిలో చేరేవారిలో ఇష్టంతో చేరేవారు కొందరుంటారు. మార్కులు తక్కువై, వేరే చోటు దొరకక చేరేవారు మరికొందరుంటారు. ఇంజనీరింగ్, వైద్యం వంటి వాటిలో ఉద్యోగం, జీతం, గౌరవం కనిపిస్తుంటాయి. అందుచేత అక్కడ బాహ్య ప్రేరణకు బలమెక్కువ. అట్లాగని ఆ విద్యలలో ఇష్టంతో చదివేవారు లేరని కాదు. విషయం ఏదైనా దానిని ఎవరు ఎంచారన్నదే ముఖ్యం.

ఇక్కడ ఒక లెక్కను గమనించాలి. 2021-22 సంవత్సరానికి భారత ప్రభుత్వం జరిపిన ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో పై చదువులు చదివేవారు సుమారు 4.33 కోట్లమంది. వారిలో స్త్రీలు సుమారు 2.07 కోట్లమంది, అంటే దాదాపు సగం. విజ్ఞానశాస్త్ర విభాగాలలో 57 లక్షలమంది ఉండగా స్త్రీలు సగానికి మించి ఉన్నారు. కాని ఇంజనీరింగ్ డిగ్రీ తరగతులలో పదిమందికి సుమారు ముగ్గురే అమ్మాయిలు. భౌతికశాస్త్రం, గణితం రెండుచోట్లా ఉన్నవే. ఒకచోట సగానికి పైగా ఉన్న అమ్మాయిలు మరొకచోట మూడవ వంతు కూడా లేరంటే, అది తెలివికి సంబంధించినది కాదు, లెక్కలమీద ఇష్టం లేకపోవడమూ కాదు. "ఇది ఆడపిల్లల చదువు కాదు" అనే మాట ఇంటా బయటా ఇంకా వినబడుతుండడమే దానికి ఒక పెద్ద కారణం.

ఆ మాటను మొదట దాటినవారిలో ఒక తెలుగు మహిళ ఉండడం మనకు గర్వకారణం.

అయ్యలసోమయాజుల లలిత

లలిత 1919లో చెన్నపట్టణంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించింది. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో విద్యుత్ శాస్త్ర ఆచార్యుడు. నాటి ఆచారం ప్రకారం లలితకు పదిహేనవ ఏట వివాహం జరిగింది. పద్దెనిమిదేళ్లకే భర్త మరణించాడు. అప్పటికి ఒడిలోని ఆడబిడ్డకు నాలుగు నెలలు. ఆ రోజులలో వితంతువులు ఎన్నో కట్టుబాట్లకు లోబడి మూల గదిలో కాలం గడపవలసి వచ్చేది.

లలిత అందుకు అంగీకరించలేదు. తనకూ తన బిడ్డకూ ఆధారం చదువేనని నిశ్చయించుకున్నది. ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో పూర్తిచేసింది. వైద్యవిద్యలో చేరవచ్చును, కాని డాక్టరుకు రాత్రీ పగలూ పని ఉంటుంది, పసిబిడ్డను విడిచి ఉండవలసివస్తుంది. అందువల్ల ఆమె ఇంజనీరింగ్‌ను ఎంచుకున్నది. అంతవరకు గిండీ కళాశాలలో ఒక్క అమ్మాయి కూడా చేరలేదు. తండ్రి కళాశాల అధికారులతో మాట్లాడి వారిని ఒప్పించాడు. 1940లో లలిత విద్యుత్ శాఖలో చేరింది. కొన్ని నెలలకే పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి అనే మరో ఇద్దరు యువతులు సివిల్ శాఖలో చేరారు.

రెండవ ప్రపంచయుద్ధం కారణంగా చదువు కొన్ని నెలలు ముందే ముగిసింది. 1943లో ముగ్గురూ పట్టభద్రులయ్యారు. ధ్రువపత్రాలమీద ఆంగ్లంలో 'అతడు' అన్న మాటే అచ్చయి ఉన్నది. ఒక స్త్రీకి ఆ పట్టా ఇవ్వవలసివస్తుందని అచ్చువేసినవారు తలచలేదు. ఆ మాటను కొట్టివేసి 'ఆమె' అని దిద్ది ఇచ్చారు.

తరువాత లలిత సిమ్లాలో ప్రభుత్వ సంస్థలో పనిచేసింది. 1948 నుండి కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే సంస్థలో ఉద్యోగం చేసి, భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనులలో పాలుపంచుకొన్నది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల సమావేశానికి హాజరైంది. 1979లో ఆమె కన్నుమూసింది.

లలిత జీవితంలో ప్రేరణ నడక స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె చదువు మొదలుపెట్టింది బతుకుతెరువుకోసం. అది బాహ్య ప్రేరణయే. కాని ఎవరో నెట్టగా ఆమె ఆ దారిలోకి రాలేదు, తానే ఎంచుకున్నది. చేయగలనన్న నమ్మకం ఆమెకున్నది. తండ్రి అండ ఉన్నది. తోడుగా ఇద్దరు స్నేహితురాండ్రు వచ్చారు. డెసి, రయన్ తరువాతి కాలంలో చెప్పిన మూడు అవసరాలూ ఆమెకు తీరాయి. కూటికోసం మొదలైన చదువు జీవితకాలపు ఇష్టంగా మారింది. కనుక ఉద్యోగంకోసం చదవడం తప్పు కాదు. ఆ లక్ష్యం తనది కావాలి, అంతే.

ధర్మపురిలో అడ్డంకులు

మళ్లీ ధర్మపురి బస్సు వద్దకు వద్దాం. ఊరినుండి బస్సుదాకా మైళ్ల నడక, సాయంత్రం ఆలస్యమైతే ఇంట్లో కంగారు, ప్లస్ టూ ముగియగానే పెళ్లి మాటలు - ఇవి ఆడపిల్ల ప్రేరణను లోలోపల తొలుస్తాయి. "ఎలాగూ మానిపిస్తారు, ఎందుకు చదవాలి?" అనే ఆలోచన వచ్చిందంటే అది సోమరితనం కాదు, ఆశ సన్నగిల్లడం. మరోవైపు ఆడపిల్లకు చదువు ఒక్కటే తన ఇష్టప్రకారం బతకగల దారి కావచ్చు. అందుకే కొందరు అమ్మాయిలు ఎన్ని అడ్డంకులున్నా పట్టుదలతో చదువుతారు.

మగపిల్లల కష్టం వేరు. వానలు లేని సంవత్సరం ఇంట్లో అప్పు పెరుగుతుంది. తిరుప్పూరు బనియను మిల్లులో, హోసూరు ఫ్యాక్టరీలో, బెంగళూరు కట్టడపు పనిలో రోజుకూలి పిలుస్తుంటుంది. మూడేళ్ల తరువాత వచ్చే డిగ్రీకంటె ఈ శనివారం వచ్చే కూలి దగ్గరగా కనబడుతుంది. "మగవాడివి, సంపాదించాలి" అన్న మాట చదువును మధ్యలో తుంచివేస్తుంది. ఇష్టం లేకపోయినా ఇంజనీరింగ్‌లోనే చేరాలనే ఒత్తిడి కూడా వారిమీదనే ఎక్కువ.

హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు మరొక మెట్టు అదనం. బడిలో తెలుగులో నేర్చిన శాస్త్రాన్ని కళాశాలలో తమిళంలోనో ఆంగ్లంలోనో వినాలి. మొదటి కొన్ని నెలలు పాఠం అర్థం కాకపోతే "నాకు తెలివి లేదు" అనుకోవడం సహజం. కాని అక్కడ కొరత భాషది, తెలివిది కాదు. తెలుగులో ఒకసారి బాగా అర్థమైన సూత్రం మాట మారినా మారదు. ఈ సంగతి తెలిసినవాడు నిరాశ చెందడు.

ఈ అడ్డంకులలో కొన్నింటిని తొలగించడానికి ప్రభుత్వం పూనుకున్నది. మూవలూర్ రామామృతం అమ్మైయార్ పేరిట 1989 నుండి పేద ఆడపిల్లల పెళ్లికి సహాయం అందేది. 2022 సెప్టెంబరు 5న ఆ పథకం ఉన్నత విద్యకు సహాయంగా మారి 'పుదుమై పెణ్' అనే పేరుతో మొదలైంది. ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుండి 12 వరకు చదివి కళాశాలలో చేరిన అమ్మాయికి నెలకు 1000 రూపాయలు ఇస్తారు. పెళ్లికిచ్చిన ధనం చదువుకు మళ్లడం చిన్న మార్పు కాదు. 2024 ఆగస్టులో అబ్బాయిలకు కూడా 'తమిళ్ పుదల్వన్' పేరుతో ఇటువంటి పథకం వచ్చింది.

డబ్బిస్తే ఇష్టం తగ్గుతుందని డెసి చెప్పాడు కదా, మరి ఈ సహాయం హాని చేయదా అని సందేహం రావచ్చు. డెసి ప్రయోగంలోని డబ్బు ఆటకు కట్టిన కూలి. ఈ డబ్బు బస్సు చార్జీకి, పుస్తకాలకు అయ్యే ఖర్చు. అది ప్రతి మార్కుకు ఇచ్చే వెల కాదు, దారిలోని ముల్లు తీయడం. ముల్లు తీసినంత మాత్రాన నడక ఇష్టం తగ్గదు.

ముగింపు

విద్యాసక్తికి ఆడ మగ అనే భేదం పుట్టుకతో రాదు. విషయాలలో కూడా ఆడవారివి, మగవారివి అని వేరువేరుగా లేవు. తనకు నచ్చినదానిని ఎంచుకునే స్వేచ్ఛ, చేయగలననే నమ్మకం, అండగా నిలిచే మనుషులు - ఇవి ఉన్నచోట ఎవరిలోనైనా ప్రేరణ పెరుగుతుంది. లేనిచోట ఎవరిలోనైనా అది వాడిపోతుంది. ఇందులో మొదటి రెండూ విద్యార్థి చేతిలో కొంతవరకు ఉన్నాయి. మూడవది తల్లిదండ్రుల చేతిలో, గురువుల చేతిలో, తోటివారి చేతిలో ఉన్నది.

పదవ తరగతి దాటి ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో నిర్ణయించుకునే వేళ ప్రతి విద్యార్థీ, ప్రతి విద్యార్థినీ ఆ అవ్వ ప్రశ్నను తనకు తాను వేసుకోవాలి. "నేను ఎందుకు చదువుతున్నాను?" జవాబు జీతం కావచ్చు, ఇష్టం కావచ్చు, రెండూ కావచ్చు. అది తన సొంత జవాబు కావాలి. ఉసిరికాయ మొదట వగరుగా ఉన్నా ఆపైన తాగిన నీరు తియ్యగా ఉంటుంది. స్వయంగా ఎంచుకొని కష్టపడి చదివిన చదువు కూడా అటువంటిదే.

కఠిన పదాలకు అర్థాలు

ప్రతీతి - ప్రసిద్ధి, నమ్మకం
విద్వత్తు - పాండిత్యం
స్నాతకోత్తర - పట్టభద్రులైన తరువాతి
ప్రతిపాదించు - కొత్తగా ఒక మాటను ముందుంచు
సన్నగిల్లు - తగ్గిపోవు
పట్టభద్రులు - డిగ్రీ పొందినవారు
ధ్రువపత్రం - సర్టిఫికెట్టు
బతుకుతెరువు - జీవనోపాధి

అభ్యాసం

I. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. ధర్మపురి పూర్వనామం ఏమి?
2. అదియమాన్ ఉసిరికాయను ఎవరికి, ఎందుకు ఇచ్చాడు?
3. ప్రేరణ నిలవడానికి తీరవలసిన మూడు అవసరాలు ఏవి?
4. లలిత వైద్యవిద్యలో ఎందుకు చేరలేదు?
5. లలిత ధ్రువపత్రంలో ఏ మాటను దిద్దారు?

II. పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. ఎడ్వర్డ్ డెసి ప్రయోగాన్ని వివరించండి. దానివలన తేలినదేమి?
2. విజ్ఞానశాస్త్ర విభాగాలలోను, ఇంజనీరింగ్‌లోను స్త్రీల సంఖ్యను పోల్చి, పాఠంలో చెప్పిన కారణాన్ని తెలపండి.
3. ధర్మపురి ప్రాంతంలో అమ్మాయిల చదువుకు, అబ్బాయిల చదువుకు గల అడ్డంకులను వేరువేరుగా రాయండి.

III. ఖాళీలను పూరించండి.
1. పెరియార్ విశ్వవిద్యాలయం ______ సంవత్సరంలో ఏర్పడింది.
2. చదువులోనే ఆనందం పొందేవారిది ______ ప్రేరణ.
3. లలిత ______ ఇంజనీరింగ్ కళాశాలలో చదివింది.

IV. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
తలెత్తుకొను, సన్నగిల్లు, పాలుపంచుకొను, పూనుకొను

V. వ్యాకరణం
1. సంధి విడదీసి, పేరు రాయండి: స్వేచ్ఛ, ప్రత్యేక, విద్యార్థి
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి: తల్లిదండ్రులు, స్త్రీపురుషులు, విద్యాసక్తి

VI. చేయదగిన పని
మీ తరగతిలో పదిమందిని "ఎందుకు చదువుతున్నావు?" అని అడగండి. జవాబులను అంతర్గత ప్రేరణ, బాహ్య ప్రేరణ అని రెండు వరుసలలో రాయండి. అబ్బాయిల జవాబులకూ అమ్మాయిల జవాబులకూ తేడా ఉన్నదేమో చూసి, కారణాలను తరగతిలో చర్చించండి.